ఒంటరిగా హైదరాబాద్ వస్తున్నారా? ఏ ఏరియాలో ఉండాలో ఇలా తేల్చుకోండి

ఆఫర్ లెటర్ చేతికి రాగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే: "హైదరాబాద్‌లో ఎక్కడ ఉంటే బాగుంటుంది?" విజయనగరం నుంచి వచ్చేవాళ్లదీ ఇదే ప్రశ్న, ఖమ్మం నుంచి వచ్చేవాళ్లదీ ఇదే. జవాబుగా ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతారు. బాబాయి కూకట్‌పల్లి అంటాడు, కాలేజీ సీనియర్ అమీర్‌పేట అంటాడు, స్నేహితురాలు మణికొండకి వచ్చేయమంటుంది. ఎవరు చెప్పినా తాము ఉన్న చోటు గురించే చెబుతారు. మీ ఆఫీసు ఏ వైపో, మీ షిఫ్ట్ ఎప్పుడో, మీ చేతికి ఎంత వస్తుందో వాళ్లకి తెలియదు.

అందుకని ఒక ఏరియా పేరు చెప్పి వదిలేయకుండా, మీ అంతట మీరే తేల్చుకునే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. ఇది ఒక్కరే ఉండే అబ్బాయిలకి, అమ్మాయిలకి. కుటుంబంతో వచ్చేవాళ్ల లెక్క వేరు, వాళ్లు ముందు పిల్లల స్కూలు చూసుకుంటారు. ఒక్కరే ఉండేవాళ్లు గదిలో గడిపే టైమ్ తక్కువ. తిండి చాలావరకు బయటే. జ్వరం వస్తే మందుల షాపుకి నడవాల్సింది మీరే. రాత్రి పదింటికి బస్సు దిగి గల్లీలోకి నడవాల్సింది కూడా మీరే. గది ఎంత బాగుందో ఒకసారి చూడండి, గది చుట్టూ పది నిమిషాల నడకలో ఏముందో మాత్రం మూడుసార్లు చూడండి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఆఫీసు పూర్తి అడ్రసు. "హైటెక్ సిటీ" అంటే చాలదు, బిల్డింగ్ పేరు కావాలి. పెద్ద కంపెనీలకి సిటీలో మూడు నాలుగు చోట్ల ఆఫీసులుంటాయి. మీరు ఏ ఆఫీసుకి వెళ్లాలో హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టి రాతలో తెప్పించుకోండి.
- షిఫ్ట్ టైమింగ్స్, వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకి రావాలి, క్యాబ్ ఇస్తారా, ఇస్తే ఏ ఏరియాల వరకు వస్తుంది.
- నెలనెలా చేతికి వచ్చే జీతం. సీటీసీని, అంటే కంపెనీ చెప్పే ఏడాది మొత్తం ప్యాకేజీని, పన్నెండుతో భాగించి లెక్క వేయొద్దు.
- ఆధార్, ఆఫర్ లెటర్ జిరాక్సులు, నాలుగు పాస్‌పోర్టు ఫొటోలు.
- రెండు నెలలకి సరిపడా ఖర్చు. నెల మధ్యలో చేరితే మొదటి జీతం సగమే పడొచ్చు, కొన్నిచోట్ల తర్వాతి నెలలో కలిపి వేస్తారు.

1. ఆఫీసు ఏ వైపు ఉందో చూసి, ఆ వైపే వెతకండి

హైదరాబాద్ చాలా పెద్దది. చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డే 158 కిలోమీటర్లు. ఒక చివర ఉండి ఇంకో చివర పనిచేసేవాళ్లు లేకపోలేదు, కానీ వాళ్లలో చాలామందికి సొంత ఇల్లు అక్కడ ఉంది కాబట్టి తప్పక తిరుగుతున్నారు. మీకా అవసరం లేదు.

ఆఫీసు హైటెక్ సిటీ, మాదాపూర్ వైపయితే మాదాపూర్, కొండాపూర్, హఫీజ్‌పేట చూడండి. అవి బడ్జెట్‌కి అందకపోతే బోరబండ, యూసుఫ్‌గూడ, ఎస్సార్ నగర్ వైపు రండి. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అయితే గచ్చిబౌలి ఇందిరానగర్‌లో హాస్టళ్లు ఎక్కువ. ఆ తర్వాత మణికొండ, పుప్పాలగూడ, నార్సింగి, లింగంపల్లి, నల్లగండ్ల ఉన్నాయి.

ఐటీ అంటే పడమర వైపే అనుకోవద్దు. ఆఫీసు పోచారంలో ఉంటే ఉప్పల్, బోడుప్పల్, హబ్సిగూడ, తార్నాక దగ్గర. ఆదిబట్ల అయితే ఎల్బీనగర్, వనస్థలిపురం, బీఎన్ రెడ్డి నగర్. జీడిమెట్ల, బాచుపల్లి ఫార్మా కంపెనీలయితే నిజాంపేట, సుచిత్ర, కూకట్‌పల్లి. శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీ అయితే అల్వాల్, సికింద్రాబాద్. పటాన్‌చెరు, పాశమైలారం అయితే చందానగర్, బీహెచ్‌ఈఎల్, బీరంగూడ. ఎయిర్‌పోర్టు ఉద్యోగమయితే శంషాబాద్, ఆరాంఘర్, అత్తాపూర్.

ఉద్యోగం ఇంకా రాలేదా? గ్రూప్స్ ప్రిపరేషన్ అయితే అశోక్ నగర్, చిక్కడపల్లి వైపు వెళ్లండి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ నడకదూరంలో ఉంటుంది, చుట్టూ మీలాగే చదివేవాళ్లు ఉంటారు, మెస్‌లు కూడా వాళ్ల జేబుకి తగ్గట్టే ఉంటాయి. సాఫ్ట్‌వేర్ కోర్సులకయితే అమీర్‌పేట, ఎస్సార్ నగర్. కోచింగ్ అయిపోగానే ఏరియా మారాల్సి వస్తుంది, అందుకని అక్కడ ఫ్లాట్ తీసుకోకండి, హాస్టల్ చాలు.

ఈ మెట్టు పూర్తయ్యేసరికి మీ కాగితం మీద మూడు పేర్లు ఉండాలి. ఐదారు ఉంటే ఏదీ సరిగా చూడలేరు.

2. దారిని నిజంగా వెళ్లి చూడండి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మ్యాప్‌లో ఆదివారం మధ్యాహ్నం చూసి "ఇరవై నిమిషాలే" అనుకుంటారు. మంగళవారం ఉదయం తొమ్మిదింటికి అదే దారి గంట పడుతుంది. వారంలో కొన్ని రోజులే ఆఫీసుకి రమ్మనే కంపెనీల్లో చాలావరకు మంగళ, బుధ, గురువారాలే రమ్మంటాయి, కాబట్టి ఆ రోజుల్లో రద్దీ ఇంకా ఎక్కువ. వాన పడితే ఐకియా, బయోడైవర్సిటీ జంక్షన్ల దగ్గర బళ్లు కదలవు.

మెట్రో గురించి ముందే తెలుసుకోండి. మూడు లైన్లున్నాయి: మియాపూర్–ఎల్బీనగర్, నాగోల్–రాయదుర్గం, జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్)–ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్). మొదటి రెండూ అమీర్‌పేటలో కలుస్తాయి. గచ్చిబౌలికి, నానక్‌రామ్‌గూడకి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి మెట్రో లేదు. రాయదుర్గంలో దిగి అక్కడి నుంచి బస్సో ఆటోనో పట్టుకోవాలి. ఈ చివరి ముక్కకే ఖర్చు, టైమ్ రెండూ ఎక్కువ.

ఇంకో తప్పు చాలామంది చేస్తుంటారు. "కేపీహెచ్‌బీలో మెట్రో ఉంది, హైటెక్ సిటీలో మెట్రో ఉంది, ఇంకేం కావాలి" అని గది తీసుకుంటారు. మెట్రోలో వెళ్తే కేపీహెచ్‌బీ నుంచి అమీర్‌పేట దాకా కిందికి దిగి, లైన్ మారి, మళ్లీ హైటెక్ సిటీకి పైకి రావాలి. రోడ్డు మీద అయితే జేఎన్‌టీయూ దగ్గర నుంచి తిన్నగా వెళ్లిపోవచ్చు. బండి ఉన్నవాళ్లకి కేపీహెచ్‌బీ మంచిదే. మెట్రోని నమ్ముకున్నవాళ్లకి మాత్రం దూరంగా కనిపించే ఉప్పల్, తార్నాకే నయం, నాగోల్ లైన్‌లో ఎక్కడా మారకుండా వచ్చేయొచ్చు. నాగోల్‌లో ఎక్కితే సీటు కూడా దొరుకుతుంది.

ఎంఎంటీఎస్ అనే లోకల్ రైలు చాలా చవక. లింగంపల్లి, చందానగర్, హఫీజ్‌పేట, బోరబండ వైపు ఉండేవాళ్లకి హైటెక్ సిటీ స్టేషన్ పనికొస్తుంది. రెండు సంగతులు గుర్తుంచుకోండి: రైళ్లు మెట్రోలా ఐదు నిమిషాలకొకటి రావు, ఆ స్టేషన్ ఆఫీసులుండే సైబర్ టవర్స్ పక్కనే ఉండదు. స్టేషన్ బయట ఆటో దొరికే టైముకే మీ ఆఫీసు ఉందా చూసుకోండి.

సిటీ బస్సుని తక్కువగా చూడకండి. 10హెచ్ సికింద్రాబాద్ నుంచి కొండాపూర్‌కి, 127కె కోఠి నుంచి కొండాపూర్‌కి, 218 కోఠి నుంచి పటాన్‌చెరుకి వెళ్తాయి. ఇలాంటి నంబర్లు మీ ఆఫీసు దారిలో ఏవున్నాయో కనుక్కోండి. అమ్మాయిలకి ఒక మాట. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకి టికెట్ లేదు. అయితే అది తెలంగాణ అడ్రసు ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తేనే. మీ ఆధార్‌లో గుంటూరో తిరుపతో ఉంటే టికెట్ కొనాల్సిందే, బడ్జెట్‌లో ఆ డబ్బు కలుపుకోండి.

ఎలా చూడాలంటే: హైదరాబాద్‌లో తెలిసినవాళ్ల దగ్గర రెండు రోజులు దిగండి. ఒక పనిరోజు ఉదయం ఎనిమిదిన్నరకి మీరు అనుకున్న ఏరియా బస్టాప్‌లోనో స్టేషన్‌లోనో నిలబడి ఆఫీసు గేటు దాకా వెళ్లండి. సాయంత్రం ఆరున్నరకి అదే దారిలో తిరిగి రండి. రెండింటి టైమ్ రాసుకోండి. సాయంత్రం ప్రయాణమే ఎక్కువ పడుతుంది, అలసట కూడా అప్పుడే. ఒకవైపు యాభై నిమిషాలు దాటితే ఆ పేరు కొట్టేయండి. రావడం కుదరకపోతే మ్యాప్‌లో "ఇన్నింటికి చేరాలి" అని బుధవారం ఉదయం టైమ్ పెట్టి చూడండి, అది చూపించిన దానికి ఇంకో పావుగంట కలపండి.

నైట్ షిఫ్ట్ వాళ్లు క్యాబ్ హద్దు సంగతి ముందు తేల్చుకోవాలి. హద్దు బయట కాలనీలో గది తీసుకుంటే మెయిన్ రోడ్డు మీద దింపి వెళ్లిపోతారు.

3. ఊరికి వెళ్లే బస్సు ఎక్కడ ఆగుతుంది?

మొదటి ఏడాది నెలకోసారైనా ఊరికి వెళ్తారు. విజయవాడ, నల్గొండ, ఖమ్మం వైపు బస్సులకి ఎల్బీనగర్, వరంగల్ వైపుకి ఉప్పల్, కరీంనగర్, నిజామాబాద్ వైపుకి జేబీఎస్, మహబూబ్‌నగర్, కర్నూలు వైపుకి ఆరాంఘర్ దాటాలి. ఆంధ్ర వైపు వెళ్లే ప్రైవేటు బస్సులు చాలావరకు మియాపూర్, కేపీహెచ్‌బీ, ఎస్సార్ నగర్, లక్డీకాపూల్ మీదుగా పోతాయి. మిగతావన్నీ సమానంగా ఉన్న రెండు ఏరియాల మధ్య ఎటూ తేలకపోతే ఇది చూసి తేల్చండి. దీని కోసమే ఏరియా ఎంచుకోవద్దు.

4. అద్దె ఒక్కటే చూడకుండా మొత్తం లెక్క వేయండి

ఉదాహరణకి అంకెలు అనుకుందాం. దూరపు గది అద్దె 6,500. పెట్రోలు 2,000, తాగునీళ్ల క్యాన్లు, ట్యాంకర్ వాటా 500, లేటయిన రోజుల్లో క్యాబ్‌లకి 1,200. మొత్తం 10,200. దగ్గరి గది అద్దె 9,000, బస్సుకి 300. మొత్తం 9,300. అద్దె 2,500 తక్కువని తీసుకున్న గది నెల తిరిగేసరికి 900 ఎక్కువ తింటోంది. రోజుకి రెండు గంటలు రోడ్డు మీద ఎక్కువ గడిపితే, నెలలో 22 పనిదినాలకి అది 44 గంటలు. మీ అంకెలు వేసుకుని ఇదే లెక్క చేయండి.

గది, కరెంటు, నీళ్లు, రానుపోను ఖర్చు, అన్నీ కలిపి చేతికొచ్చే జీతంలో మూడో వంతు దాటకుండా చూసుకోండి. ఇంటికి డబ్బు పంపాల్సినవాళ్లు ఇంకా తగ్గించుకోవాలి. అందులో నామోషీ ఏమీ లేదు.

5. మొదటి నెల హాస్టల్‌లోనే ఉండండి

ఊళ్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి ఫ్లాట్‌కి అడ్వాన్స్ పంపొద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే మోసాలు ఇక్కడే జరుగుతున్నాయి. "నేను ఆర్మీలో ఉన్నాను, ట్రాన్స్‌ఫర్ అయింది, ఇల్లు చూపించడానికి రాలేను, టోకెన్ పంపితే తాళం కొరియర్ చేస్తా" అంటారు. ఇంకొందరు "మీకే డబ్బు వేస్తాను, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి" అంటారు. డబ్బు రావడానికి స్కాన్ చేయడం, పిన్ కొట్టడం ఎప్పుడూ అవసరం ఉండదు. కళ్లతో చూడని గదికి రూపాయి కూడా కట్టకండి. పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు అదే.

హాస్టల్ తీసుకునేటప్పుడు ఇవి అడగండి: అడ్వాన్స్ ఎంత, వెళ్లిపోయేటప్పుడు అందులో ఎంత కోస్తారు, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఏసీ కరెంటు వేరుగా ఉంటుందా, రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారు, ఆదివారం రాత్రి భోజనం ఉంటుందా. చాలాచోట్ల ఆదివారం సాయంత్రం వంట ఉండదు. రూమ్ చూపించేటప్పుడు ఖాళీ గది చూపించి తర్వాత వేరే గదిలో వేస్తారు. మీ మంచం ఏదో చూపించమనండి. ఒకపూట భోజనం తిని చూస్తానని అడగండి, మంచి హాస్టల్ వాళ్లు కాదనరు.

త్రీ షేరింగ్‌లో ఉండటం ఇబ్బందే. అయినా ఆ నెలలో ఏరియా మొత్తం తెలుస్తుంది, రూమ్‌మేట్స్ దొరుకుతారు. తర్వాత ఇద్దరు ముగ్గురు కలిసి ఫ్లాట్ తీసుకున్నవాళ్లలో చాలామంది ఇలా హాస్టల్‌లో కలిసినవాళ్లే. జూన్, జూలైల్లో కాలేజీలు, కొత్త బ్యాచ్‌లు మొదలై హాస్టళ్లు నిండిపోతాయి, ఆ నెలల్లో వచ్చేవాళ్లు వారం ముందే వచ్చి చూసుకోండి.

6. కాలనీని మూడు వేళల్లో చూడండి

ఉదయం ఏడింటికి, సాయంత్రం ఏడింటికి, రాత్రి పదింటికి. మూడూ ఒకే రోజు కానక్కర్లేదు.

నీళ్లు. హైదరాబాద్‌లో అద్దెకుండేవాడికి ఇంతకంటే పెద్ద తలనొప్పి లేదు. "మంజీరా నీళ్లు వస్తాయా, బోరా, ట్యాంకరా?" అని అడగండి. సిటీకి నీళ్లిచ్చే సంస్థ జలమండలి. దాని నీళ్లు ఏ నది నుంచి వచ్చినా జనం మంజీరా అనే అంటారు. ఓనరు "ఇరవై నాలుగు గంటలూ నీళ్లే" అనే చెబుతాడు. నిజం తెలియాలంటే గేటు దగ్గర సంపు మూత చూడండి. మూత పక్కన ట్యాంకర్ పైపు ఒరుసుకుని గోడ మీద నల్లటి చారలుంటే, నేల ఎప్పుడూ తడిగా ఉంటే, ఆ బిల్డింగ్ ట్యాంకర్ల మీద నడుస్తోందన్నమాట. బాత్రూమ్‌లో కుళాయి కింద, బకెట్ అంచున తెల్లటి పొర పేరుకుని ఉంటే బోరు నీళ్లు ఉప్పు నీళ్లని, అంటే కఠిన జలమని అర్థం. ఆ నీళ్లతో జుట్టు ఊడుతోందని బాధపడనివాళ్లు తక్కువ. కుళాయి తిప్పి రెండు నిమిషాలు వదిలి ధార చూడండి. ఏప్రిల్, మే నెలల్లో గది చూస్తుంటే అదృష్టమే, ఏ బిల్డింగ్‌కి నీళ్లున్నాయో అప్పుడే బయటపడుతుంది.

వాన. కింది అంతస్తు గది, సెల్లార్ పార్కింగ్, నాలా (మురుగు కాల్వ) పక్క ఇల్లు, చెరువు కింది కాలనీ అయితే ఆగి ఆలోచించండి. 2020 అక్టోబరు వానలకి టోలీచౌకి నదీమ్ కాలనీలో, సరూర్‌నగర్ చెరువు కింది కాలనీల్లో జనం రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నారు. కాంపౌండ్ గోడకి మోకాలెత్తులో ఒకే గీతగా మట్టి మరక ఉందేమో చూడండి. కొత్తగా ఆ ఎత్తు వరకే రంగు వేసి ఉన్నా అనుమానించాల్సిందే.

ఎవరిని అడగాలి? బ్రోకర్‌ని అడగొద్దు. వీధి చివర కిరాణా కొట్టులో ఒక సబ్బు కొనుక్కుని, "అన్నా, ఇక్కడ రూమ్ చూస్తున్నా. ఎండాకాలం నీళ్ల సంగతేంటి? వానకి రోడ్డు మీద నీళ్లు ఎంతవరకు వస్తాయి?" అని అడగండి. ఇస్త్రీ బండి దగ్గర, వాచ్‌మన్ భార్య దగ్గర కూడా "అక్కా, ఈ బిల్డింగ్‌లో ఇంతకుముందు ఉన్నవాళ్లు ఎందుకు ఖాళీ చేశారు?" అని అడగండి. వీళ్లకి అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు.

తిండి. వంట చేసుకునే ఉద్దేశం ఉన్నా, వారంలో మూడు రోజులు బయట తింటారు. నడకదూరంలో ఒక టిఫిన్ సెంటర్, ఒక కర్రీ పాయింట్, ఒక మెస్ ఉండాలి. కర్రీ పాయింట్ ఉన్న వీధి అంటే బ్యాచిలర్లు బతికే వీధి, అన్నం వండుకుంటే చాలు, పూట గడిచిపోతుంది. రైతుబజార్ దగ్గర్లో ఉంటే ఇంకా మంచిది, కూకట్‌పల్లి, ఎర్రగడ్డ, మెహదీపట్నం, వనస్థలిపురంలో ఉన్నాయి. ఔటర్ పక్కన కొత్త టవర్ల మధ్య గది చూడ్డానికి బాగుంటుంది, కానీ రాత్రి తొమ్మిదింటికి ఇడ్లీ కావాలంటే ఆర్డర్ పెట్టాల్సిందే. ఆ డెలివరీ చార్జీలు కూడా నాలుగో మెట్టు లెక్కలో కలపండి.

రాత్రి నడక. పదింటికి బస్టాప్ నుంచి ఆ ఇంటి గేటు దాకా మీరే నడవండి. లైట్లు వెలుగుతున్నాయా, కొట్లు తెరిచి ఉన్నాయా, దారిలో వైన్స్ ఉందా, కుక్కలు గుంపుగా ఉన్నాయా? అమ్మాయిలు తోడు తీసుకుని వెళ్లి చూడండి. కాస్త అద్దె ఎక్కువైనా మెయిన్ రోడ్డుకి దగ్గరగా, కొట్లు ఉన్న వీధిలో తీసుకోవడమే మంచిది. ఎవరైనా వెంటపడితే 100కి ఫోన్ చేయండి, మహిళల భద్రతకి పోలీసుల షీ టీమ్స్ 2014 నుంచి పనిచేస్తున్నాయి, మొహమాటపడకండి.

తోడు. దీని గురించి ఎవరూ అడగరు, కానీ ఒక్కరే ఉండేవాళ్లకి ఇదే ముఖ్యం. డెంగీ జ్వరంతో మంచం మీద ఉన్నప్పుడు కొబ్బరిబోండం తెచ్చిచ్చే మనిషి ఒకరైనా అరగంటలో రాగలిగే దూరంలో ఉండాలి. స్నేహితుడో, చిన్నమ్మో, ఆఫీసు కొలీగో. ఎవరూ లేని చోట మంచి ఫ్లాట్ కంటే, తెలిసినవాళ్లున్న చోట మామూలు గది మేలు. శని, ఆదివారాలు ఏం చేస్తారో కూడా ఆలోచించుకోండి. పరుగు, నడక అలవాటున్నవాళ్లకి కొండాపూర్ బొటానికల్ గార్డెన్, కేబీఆర్ పార్క్ దగ్గరైతే మంచిది. పుస్తకాలు, సభలు ఇష్టమైనవాళ్లకి బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం, రవీంద్రభారతి, బంజారాహిల్స్ లమకాన్ ఉన్నాయి. వీటికి రెండు గంటల దూరంలో ఉంటే మొదటి నెల వెళ్తారు, తర్వాత మానేస్తారు. మెల్లగా ఆదివారమంతా ఫోన్‌తో గదిలోనే గడిచిపోతుంది. ఇలా దిగులుపడి ఉద్యోగం వదిలి వెళ్లినవాళ్లు ఉన్నారు.

7. "బ్యాచిలర్స్‌కి ఇవ్వం" అంటే

టు-లెట్ బోర్డుల మీద "ఓన్లీ ఫ్యామిలీస్" అని చూసి కుంగిపోవద్దు. బ్యాచిలర్లకి ఇచ్చే కాలనీలు ఉన్నాయి, ఆఫీసులకి దగ్గరగా ఎక్కువ. ఫోన్ చేసినప్పుడే "ఆంటీ, నేను ఒక్కడినే ఉంటాను, ఫలానా కంపెనీలో పని, అమ్మానాన్న అప్పుడప్పుడు వచ్చి వెళ్తారు" అని నిజం చెప్పండి. అమ్మనో నాన్ననో ఒకసారి ఫోన్‌లో మాట్లాడిస్తే సగం మంది మెత్తబడతారు. పెళ్లయిందని అబద్ధం చెప్పి దిగితే నెలలోపే ఖాళీ చేయాల్సి వస్తుంది. మాంసం వండుకోవచ్చా, స్నేహితులు రాత్రి ఉండొచ్చా అన్నవి కూడా ముందే తేల్చుకోండి.

ఆషాఢంలో ఇల్లు మారకూడదని చాలామంది నమ్మకం. మీకు ఆ పట్టింపు లేకపోతే ఆ నెలలో వెతకండి, ఖాళీలు ఎక్కువ, బేరం ఆడొచ్చు.

పైఅంతస్తు పెంట్‌హౌస్ గదులు బ్యాచిలర్లకి సులువుగా ఇస్తారు. చలికాలంలో చూసి మురిసిపోకండి, మే నెలలో స్లాబ్ వేడికి రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టదు. కూలర్ పెట్టుకోవడానికి కిటికీ, నీళ్లు రెండూ ఉంటేనే తీసుకోండి. రేకుల షెడ్డు అయితే వద్దు.

8. అడ్వాన్స్, అగ్రిమెంటు

హైదరాబాద్‌లో సాధారణంగా రెండు నెలల అద్దె అడ్వాన్స్ అడుగుతారు. అగ్రిమెంటు పదకొండు నెలలకి రాస్తారు. సంతకానికి ముందు నాలుగు విషయాలు కాగితం మీద ఉన్నాయో లేదో చూడండి: ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఎంత కోస్తారు, నోటీసు ఎన్ని రోజులు, మెయింటెనెన్స్‌లో ట్యాంకర్ ఖర్చు కలిసి ఉందా, సబ్‌మీటర్ అయితే యూనిట్‌కి ఎంత. అద్దె ఏడాదికి లక్ష దాటి, పాత పన్ను విధానంలో హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె అలవెన్సు) మినహాయింపు చూపించుకోవాలంటే ఓనరు పాన్ కావాలి, ఇస్తాడో లేదో ముందే అడగండి.

తాళం తీసుకున్న రోజే గోడలు, కుళాయిలు, స్విచ్ బోర్డులు, కరెంటు మీటర్ రీడింగ్ వీడియో తీసి ఓనరుకి వాట్సాప్ చేయండి. గ్యాస్‌కి కంగారు లేదు, ఐదు కిలోల చిన్న సిలిండర్ అడ్రసు ప్రూఫ్ లేకుండా గుర్తింపు కార్డుతోనే ఇస్తారు.

సరైన చోటే ఎంచుకున్నామా? నెల తర్వాత ఇలా చూసుకోండి

- గత రెండు వారాల్లో ఆఫీసుకి వెళ్లిన, వచ్చిన టైమ్ చూడండి. రెండో మెట్టులో మీరు రాసుకున్న దానికంటే రోజూ ఇరవై నిమిషాలు ఎక్కువైతే ఏరియా తప్పు, లేదా దారి తప్పు. ముందు అరగంట ముందు బయల్దేరి చూడండి.
- ఫోన్‌లో యూపీఐ హిస్టరీ తెరిచి క్యాబ్‌లకి, ఫుడ్ డెలివరీకి పోయింది కూడండి. అద్దెలో పావు వంతు దాటితే మీ చవక గది చవక కాదు.
- కాలనీలో మిమ్మల్ని గుర్తుపట్టి పలకరించేవాళ్లు ముగ్గురైనా ఉన్నారా? కొట్టు అన్న, టిఫిన్ సెంటర్ అక్క, పక్క గది అబ్బాయి, ఎవరైనా సరే.
- ఆదివారం గది దాటి బయటికి వెళ్తున్నారా?
- నీళ్లు ఎన్ని రోజులు ఆగాయి?

రెండింటికి మించి జవాబులు బాగోలేకపోతే అలవాటవుతుందిలే అని ఆరు నెలలు లాగకండి. హాస్టల్‌లోనే ఉంటే మారడం తేలిక. నెలాఖరుకి పదిహేను రోజుల ముందు, లేదా వాళ్లు చెప్పిన గడువుకి ముందు, నోటీసు నోటితో చెప్పి ఊరుకోకుండా మెసేజ్ పెట్టి దాని స్క్రీన్‌షాట్ దాచుకోండి. అడ్వాన్స్ తిరిగి ఇచ్చే తేదీ కూడా అదే మెసేజ్‌లో అడగండి. మొదటి మెట్టులో రాసుకున్న కాగితం పారేయలేదు కదా, అందులో రెండో పేరు ఉన్న ఏరియాకి వచ్చే మంగళవారం సాయంత్రం వెళ్లి రండి.